తిరుపతి పిల్లలకు సముద్రాన్ని పరిచయం చేయడం ఎలా?

"మన జిల్లాకు సముద్రం ఉందా?" అని తిరుపతిలో ఏ బడి పిల్లల్నైనా అడిగి చూడండి. చాలామంది లేదనే అంటారు. వాళ్ల తప్పేమీ కాదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడే దాకా మనది కొండల జిల్లాయే. సూళ్లూరుపేట వైపు మండలాలు కలవడంతో పులికాట్ సరస్సూ, బంగాళాఖాతం ఒడ్డూ మనవయ్యాయి. కానీ ఆ సంగతి ఇంకా మన మనసుల్లోకి ఎక్కలేదు.

మా వీధి పిల్లల్ని మొదటిసారి తీరానికి తీసుకెళ్లినప్పుడు నేనొక పొరపాటు చేశాను. ముందుగా ఏమీ చెప్పకుండా నేరుగా బస్సెక్కించాను. దిగీ దిగగానే అందరూ నీళ్లలోకి పరుగెత్తారు. వాళ్లను ఆపడానికే ఆ పూటంతా సరిపోయింది. ఇంటికొచ్చాక ఏం చూశారంటే "అలలు" అన్నారు. అందుకే ఇప్పుడు సముద్రాన్ని చివర్లో పెట్టుకుంటున్నాను. ఆ వరుస ఇది.

మొదట వీధి కాలువ

ఒక పొడవాటి చార్టు పరిచి, ఒక చివర మీ వీధి, ఇంకో చివర సముద్రం గీయించండి. మధ్యలో ఏముందో పిల్లలనే అడగండి. మన వీధుల్లో పడిన వాన కాలువల్లోంచి స్వర్ణముఖిలోకి చేరుతుంది. స్వర్ణముఖి శ్రీకాళహస్తి గుడి పక్కగా పారి, నాయుడుపేట దాటి, వాకాడు వైపు సముద్రంలో కలుస్తుంది. దారిలో ఎవరి అమ్మమ్మ ఊరు ఉంటే ఆ ఊరు పేరు రాయమనండి. ఒక్క పేరు రాసినా చాలు, ఆ నది వాళ్ల సొంతమైపోతుంది.

మర్నాడు కాలువ గట్టు వెంట నడిపించండి. వాన పడిన మరుసటి రోజైతే మరీ మంచిది. కనిపించిన చెత్తను రాసుకోవాలి, ముట్టుకోకూడదు. మా పిల్లల జాబితాలో పాల ప్యాకెట్లు, గుట్కా కవర్లు, ఒక చెప్పు, కొబ్బరి చిప్పలు ఉన్నాయి. "వీటిలో ఏది సముద్రం దాకా పోతుంది సార్?" అని ఒక పాప అడిగింది. కొబ్బరి చిప్ప చివరికి మట్టిలో కలుస్తుంది, ప్లాస్టిక్ కవరు మాత్రం ముక్కలు ముక్కలవుతుందే కానీ మాయం కాదు అని చెప్పాను. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఎందుకు వద్దన్నారో ఆ తర్వాత నేను వివరించాల్సిన పని పడలేదు.

ఇంటికి ఒక పని ఇవ్వండి. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి ఎలా పొంగిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకురావాలి. ఈ ఒక్క పనితో తల్లిదండ్రులు కూడా పాఠంలోకి వస్తారు.

వంటింట్లో ఉప్పునీళ్లు

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మూడు గిన్నెలు తీసుకోండి. ఒకదానిలో మంచినీళ్లు, ఒకదానిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు, మూడోదానిలో ఆ రెండూ సగం సగం. ప్రతి గిన్నెలోనూ గుప్పెడు పెసలు నానబెట్టి, మర్నాడు అవే నీళ్లతో తడిపిన గుడ్డల్లో విడివిడిగా మూట కట్టండి. మంచినీళ్ల పెసలు చక్కగా మొలకెత్తుతాయి. సముద్రపు నీళ్లవి అలాగే ఉండిపోతాయి. సగం ఉప్పువి ఏమవుతాయో పిల్లల్నే చూసి చెప్పమనండి.

"మరి తీరం దగ్గర పెరిగే మడ చెట్లు ఉప్పునీళ్లలో ఎలా బతుకుతున్నాయి?" అని అప్పుడు అడగాలి. కొన్ని జాతులు ఉప్పును వేళ్ల దగ్గరే చాలావరకు ఆపేస్తాయి. కొన్ని ఆకుల మీదికి నెట్టేస్తాయి. మూడో గిన్నె చూపించి పులికాట్ గురించి చెప్పండి. కాళంగి లాంటి ఏర్ల నీళ్లూ, మొగల (సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాల) గుండా వచ్చే సముద్రపు నీళ్లూ అక్కడ కలుస్తాయి. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. వానల్లో ఉప్పు తగ్గుతుంది, ఎండాకాలంలో పెరుగుతుంది. ఇసుక మేట వేసి మొగ మూసుకుపోతే సముద్రం నుంచి చేపపిల్లలు, రొయ్యపిల్లలు లోపలికి రాలేవు. ముఖద్వారాల్లో పూడిక తీయాలని జాలర్లు అన్నేళ్లుగా ఎందుకు అడుగుతున్నారో పిల్లలకు ఆ గిన్నె దగ్గరే అర్థమవుతుంది.

చేపల మార్కెట్లో ఒక గంట

ఇది అందరూ వదిలేసే మెట్టు, నాకు మాత్రం చాలా ఇష్టం. పొద్దున్నే వెళ్లండి. ఏది చెరువు చేప, ఏది సముద్రపు చేప అని అమ్మే అక్కనే అడగనివ్వండి. మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపిస్తే పిల్లలు కళ్లార్పరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవల వేటకు విరామం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని ఆ నిషేధం. మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి వెళ్తే బుట్టల్లో తేడా వాళ్లే కనిపెడతారు.

నేలపట్టు, పులికాట్ ప్రయాణం

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. తెల్లవారుజామున బయల్దేరి నాయుడుపేట మీదుగా వెళ్తే ముందు నేలపట్టు పక్షుల కేంద్రం వస్తుంది. చెరువులోని కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. అరగంట ఎవరూ మాట్లాడకూడదు. ఒక్కొక్కరు ఒక్క గూటినే చూడాలి. మా అబ్బాయిల్లో ఒకడు ఆ అరగంటా ఒకే పక్షిపిల్లను చూశాడు. అది తల్లి ముక్కు కింద సంచిలోకి తల మొత్తం దూర్చి చేప తినడం చూసి, ఆపుకోలేక నా చెయ్యి గిల్లాడు.

ఊళ్లోవాళ్లతో తప్పకుండా మాట్లాడించండి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని చెబుతారు. పక్షుల్ని ఎందుకు కాపాడాలి అన్న ప్రశ్నకు ఆ మాటను మించిన పాఠం నా దగ్గర లేదు.

అక్కడి నుంచి సూళ్లూరుపేట వెళ్లి శ్రీహరికోట రోడ్డు పట్టుకుంటే, రోడ్డుకు రెండు వైపులా పులికాట్. అటకానితిప్ప దగ్గర ఆగి ఫ్లెమింగోలను చూపించండి. తల తలకిందులుగా నీళ్లలో ముంచి, ముక్కుతో బురదనీళ్లు వడగట్టి తింటాయి. ఆ తిండిలోని నాచు, చిన్న రొయ్యల వల్లే వాటికి ఆ గులాబీ రంగు. పిల్లగా ఉన్నప్పుడు బూడిద రంగే.

ఇప్పుడు సముద్రం

తూపిలిపాలెం లాంటి చోట పొద్దున పూట వెళ్లండి. నీళ్లు చీలమండ దాటకూడదు. ఇది చాలా గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం పైకి కనపడదు. అయిదుగురు పిల్లలకు ఒక పెద్దవాళ్లు ఉండాలి. అంతమంది దొరకకపోతే ప్రయాణం వాయిదా వేయండి.

ఇసుకలో ఎండ్రకాయల బొరియలు వెతికించండి. చుట్టూ చిన్న ఇసుక ఉండలు కనిపిస్తాయి. జనవరి నుంచి మార్చి మధ్యలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, ఒక్కో గూటిలో వందకు పైగా. రాత్రి పుట్టిన తాబేలు పిల్లలు వెలుగున్న వైపు నడుస్తాయి. ఒడ్డున లైట్లుంటే సముద్రం వదిలేసి ఊరి వైపు పోతాయి. గూడు కనిపిస్తే ముట్టుకోకుండా అటవీశాఖకు చెప్పాలి. ప్రాణమున్న గవ్వలు ఏరి తెచ్చుకోవద్దు.

జాలర్లకు పాఠం చెప్పడానికి వెళ్లకండి, వాళ్లతో చెప్పించుకోండి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాం. "తాతా, ఈ కన్ను ఇంత పెద్దగా ఎందుకు?" అని ఒక పిల్ల వేలు దూర్చి అడిగింది. "చిన్నది పోవాలమ్మా. పోతేనే కదా వచ్చే ఏడు పెద్దదై నాకు దొరికేది" అన్నాడు. వచ్చేముందు ఆయన వేట వేళలు పాడు చేసినందుకు కొంత డబ్బు ఇచ్చాం. మీరూ ఇవ్వండి, ఆయన ఆ రోజు మాస్టారు.

తిరిగొచ్చాక

వారంలోపు పిల్లలతో వీధిలో ఒక సాయంత్రం పెట్టించండి. చార్టు, పెసల గిన్నెలు, గీసుకున్న బొమ్మలు అరుగు మీద పెడితే చాలు. మైకు వద్దు. అమ్మానాన్నలకు పిల్లలే చెబుతారు.

తర్వాత కార్పొరేషన్ వాళ్ల అనుమతి తీసుకుని కాలువ పక్క గోడ మీద "ఈ నీళ్లు స్వర్ణముఖి మీదుగా సముద్రంలో కలుస్తాయి" అని రాయించండి. పక్కన తాబేలు బొమ్మ వేయిస్తే చిన్నపిల్లలు కూడా ఆగి చూస్తారు. బయటి గోడలకు వేసే రంగు కొనండి, వాన లేని ఆదివారం చూసుకోండి. అక్షరాలు ముందు సుద్దతో గీయించాలి, లేకపోతే "స్వర్ణముఖి" దగ్గరికి వచ్చేసరికి గోడ అయిపోతుంది.