పొగమంచులో భీమిలి బీచ్ రోడ్డు: పిల్లలతో సైకిళ్లెక్కే ముందు

డిసెంబరు, జనవరి నెలల్లో విశాఖ నుంచి భీమిలి వైపు పొద్దున్నే సైకిళ్ల మీద వెళ్లాలనుకుంటే ముందు మంచు సంగతి చూసుకోవాలి. రాత్రంతా చల్లబడిన నేల మీద పట్టే ఈ మంచు తెల్లవారుజామున నేలగాలితో రోడ్డు మీదికి దిగుతుంది. ఆర్కే బీచ్ దగ్గర తేటగా ఉందని బయల్దేరితే రుషికొండ దాటాక, మంగమారిపేట వైపు ఒక్కసారిగా కమ్ముకోవచ్చు. పదేళ్లలోపు పిల్లలుంటే భీమిలి మాట మరిచిపోండి, రుషికొండ దాకా వెళ్లి రావడమే ఎక్కువ.

అసలు ముప్పు వెనక నుంచి వచ్చే బండికి మీరు ఆనకపోవడం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవరు మిమ్మల్ని చూసి బ్రేకు తొక్కి తడి రోడ్డు మీద ఆగేసరికి 45 మీటర్ల దాకా దూసుకొస్తుంది. అందుకని బయల్దేరే చోట ఒకరిని నిలబెట్టి 70 అంగలు నడవండి. పెద్దవాళ్ల అంగలైతే దాదాపు 50 మీటర్లు. వెనక్కి తిరిగితే మనిషి స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే ఎక్కడైనా టీ తాగుతూ కూర్చోండి. జనవరి మొదట్లో సూర్యోదయం 6.30కు అటూ ఇటూ కాబట్టి, చాలా రోజులు 8 దాటేసరికి పల్చబడుతుంది. దారి మధ్యలో కమ్ముకుంటే రోడ్డు దిగి, సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్లాలి.

వెనక ఎర్రలైటు ప్రతి సైకిలుకీ ఉండాలి, పిల్లల వాటికి కూడా. దాన్ని మిణుకు మిణుకుమనేలా పెట్టొద్దు, నిలకడగా వెలగనివ్వండి. ఆరి వెలిగే లైటు ఎంత దూరంలో ఉందో మంచులో అంచనాకు అందదు. ముందు లైటు హ్యాండిల్ మీద, కిందికి వంచి ఉండాలి. తలకు కట్టుకునే లైటు కాంతి మంచు మీద పడి తిరిగి కళ్లలోకే కొడుతుంది, ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. తెల్లచొక్కా మంచులో కలిసిపోతుంది. చిలకపచ్చ జాకెట్ మంచిదే కానీ చీకట్లో దాని మెరుపు పనిచేయదు. చీలమండలకు రిఫ్లెక్టివ్ పట్టీలు కట్టండి. తొక్కుతుంటే అవి పైకీ కిందికీ ఆడతాయి, హెడ్‌లైట్ వెలుగులో అది సైకిలని డ్రైవరుకు ఇట్టే తెలుస్తుంది.

వరుసలో పెద్దవాళ్లొకరు ముందు, పిల్లలు మధ్యలో, ఇంకొకరు చివర. చివరివాళ్లు పిల్లల కన్నా అరమీటరు కుడివైపుకి ఉండాలి. సైకిలుకీ సైకిలుకీ మధ్య మూడు సైకిళ్లంత ఎడం. చక్రం అంచును పట్టుకునే రిమ్ బ్రేకులు తడిస్తే చక్రం తిరిగే మొదటి ఒకటి రెండు చుట్లు సరిగా పట్టవు కాబట్టి మధ్యమధ్యలో మెల్లగా నొక్కి ఆరబెట్టుకోవాలి. కైలాసగిరి కింద మలుపుల్లో వేగం తగ్గించే తిరగాలి. బెల్లుతో సైగలు ముందే అనుకోండి: రెండు కొడితే నెమ్మది, మూడు కొడితే ఆగడం.

వెనక సీట్లో కూర్చున్న చిన్నపిల్లలకు చలి మీకన్నా ఎక్కువ. తొక్కేవాళ్లకు చెమట పడుతుంది, కూర్చున్నవాళ్లు వణుకుతుంటారు. గాలి చొరని జాకెట్, చేతి తొడుగులు వెయ్యండి. లావుపాటి మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెడితే నిలవదు, పల్చటిది చాలు. హెల్మెట్ అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి.

ఇసుకలోకి సైకిళ్లు దించకపోవడమే మేలు. జోడుగుళ్లపాలెం, మంగమారిపేట లాంటి చోట్ల ఒడ్డున పడవలుంటాయి. పడవకు కట్టిన తాడుగానీ, లాగుతున్న వలతాడుగానీ పిక్కల ఎత్తులో సాగి ఉంటే మంచులో అసలు కనిపించదు, పిల్లలైతే బోర్లా పడతారు. ఒడ్డున నడిచినా అలలు తాకే చోటికి వెళ్లనివ్వకండి. ఎవరికైనా దెబ్బ తగిలితే 108.

ఇంటికొచ్చాక ఆ రోజే సైకిలు మీద మంచినీళ్లు పోసి ఉప్పు, ఇసుక కడగండి. చైను పొడిగుడ్డతో తుడిచి, లింకుకో చుక్క చొప్పున చైన్ ఆయిల్ వేసి, పైకి మిగిలింది తుడిచేయాలి, లేకపోతే ఇసుక అంటుకుంటుంది. వంటనూనె వెయ్యొద్దు, జిగటగా గడ్డకడుతుంది.