లింకన్ పార్కు పక్కన రైతుల సంత: ఎలా వెళ్లాలి, ఏం కొనాలి?

షికాగో నగరంలో లింకన్ పార్కు దక్షిణ కొసన వెచ్చని నెలల్లో గ్రీన్ సిటీ మార్కెట్ అనే రైతుల సంత జరుగుతుంది. వంటల రచయిత్రి యాబీ మాండెల్ చొరవతో 1998లో మొదలైన ఈ సంతకు ఇల్లినాయ్, మిషిగన్, విస్కాన్సిన్, ఇండియానా రాష్ట్రాల రైతులు సొంత పంటను తెచ్చి అమ్ముకుంటారు. సూపర్ మార్కెట్ కంటే ఇక్కడ ధరలు చాలావరకు ఎక్కువే కనుక, చవకగా దొరుకుతాయన్న ఆశతో వెళ్లేవారికి నిరాశ తప్పదు. ఆ వారం ఆ నేలలో ఏం పండిందో చూసి, దాన్నిబట్టి వంట నిర్ణయించుకునేవారికి మాత్రం ఈ సంత బాగా ఉపయోగపడుతుంది.

రోజు, వేళ, దారి

సంత బుధవారం, శనివారం ఉదయం 7 గంటల నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు సాగుతుంది. సీజన్ మొదట్లోనూ చివర్లోనూ ఈ వేళలు మారవచ్చు కాబట్టి బయలుదేరే ముందు మార్కెట్ వెబ్‌సైట్ చూసుకోవాలి. శనివారం జనం కిక్కిరిసి ఉంటారు. బుధవారం రెస్టారెంట్ల వంటవారు సరుకు కోసం వస్తారు, మిగతా రద్దీ తక్కువ. రైతుతో తీరిగ్గా మాట్లాడాలనుకునేవారు వీలుంటే ఆ రోజునే ఎంచుకోవడం మంచిది. కారు నిలపడానికి చోటు దొరకడం కష్టం. క్లార్క్ వీధి మీదుగా వెళ్లే 22వ నంబరు బస్సు సంతకు దగ్గరగా ఆగుతుంది, బ్రౌన్ లైన్ రైలులో వచ్చేవారు సెడ్జ్‌విక్ స్టేషన్‌లో దిగి నడిచి రావచ్చు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే నేపర్‌విల్, అరోరా శివార్ల వైపు నుంచి వచ్చేవారికి నగరంలోని యూనియన్ స్టేషన్ దాకా మెట్రా అనే శివారు రైలు ఉంది.

గుడ్డ సంచులు రెండు మూడు, మెత్తని పండ్లు నలగకుండా ఒక గట్టి డబ్బా, పాలు, గుడ్లు, జున్ను కొనే ఉద్దేశం ఉంటే ఒక చల్లని సంచి వెంట ఉండాలి. చాలామంది కార్డు తీసుకుంటారు, అయినా చిల్లర నోట్లు కొన్ని దగ్గర ఉంచుకుంటే పని సులువవుతుంది.

కొనే ముందు ఒక చుట్టు

రాగానే కొనడం మొదలుపెట్టకుండా ముందు సంత అంతా ఒకసారి తిరిగి చూడాలి. ఒకే రకం టమాటా నాలుగు చోట్ల నాలుగు ధరల్లో ఉంటుంది. ఒకరు పౌను లెక్కన, అంటే సుమారు 454 గ్రాములకు ధర చెబితే, పక్కవారు డబ్బా లెక్కన చెబుతారు, అందువల్ల పలకల మీది అంకెలను మాత్రమే పోల్చితే మోసపోతాము. ఇక్కడ బేరమాడే అలవాటు లేదు, కొసరు అడిగినా రైతు ఇబ్బంది పడతాడు. అయితే బాగా పండిపోయిన, రూపు చెడిన టమాటాలను, పండ్లను కొందరు వేరుగా పెట్టి తక్కువ ధరకు ఇస్తారు; పచ్చడికి, రసానికి అంతకంటే మంచి సరుకు అక్కర్లేదు.

ఏ నెలలో ఏం వెతకాలి

మే నెలలో ఆస్పరాగస్‌తో పాటు ఎర్రని రూబార్బ్ కాడలు వస్తాయి. అమెరికాలో వీటిని చక్కెర కలిపి ‘పై’ అనే తీపి వంటకంలో వాడతారు గాని, పులుపు బాగా ఉండే ఈ కాడలు గోంగూర దొరకని చోట పప్పులోకి, పచ్చడిలోకి చక్కగా కుదురుతాయి. కాడ మాత్రమే తినాలి. ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, అది విషం, కాబట్టి ఆకు ఏ మాత్రం మిగిలి ఉన్నా కోసి పారేయాలి.

జూన్‌లో స్ట్రాబెర్రీలు, జూలైలో చెర్రీలు, బ్లూబెర్రీలు, ఆగస్టులో పీచ్ పండ్లు వస్తాయి. వీటిలో చాలా భాగం మిషిగన్ సరస్సుకు ఆవలి ఒడ్డున ఉన్న మిషిగన్ రాష్ట్రపు తోటలవి. వసంతంలో చల్లగా ఉండే సరస్సు నీరు చెట్లను తొందరపడి పూయనివ్వదు, అందువల్ల ఆలస్యపు మంచుకు పూత మాడిపోయే ప్రమాదం తగ్గుతుంది. అక్కడ పండ్ల తోటలు అంతగా విస్తరించడానికి ఇదొక ముఖ్య కారణం. పుల్ల చెర్రీలు కొద్ది వారాలకే అయిపోతాయి, కనబడినప్పుడే కొనాలి.

నడివేసవిలో ఆకుకూరల స్టాళ్లను కాస్త నిదానంగా పరికించాలి. తెలంగాణలో గంగవాయిలి అని, కొన్ని చోట్ల పాయల కూర అని పిలుచుకునే ఆకు (ఇంగ్లీషులో పర్స్‌లేన్) అమెరికా పొలాల్లో కలుపు మొక్క. ఇలాంటి సంతల్లో మాత్రం కొందరు దాన్ని కట్టలు కట్టి అమ్ముతారు. కనబడకపోతే రైతును అడగవచ్చు, తన పొలంలో ఉంటే వచ్చే వారం తెచ్చి ఇవ్వడానికి అతనికీ అభ్యంతరం ఉండకపోవచ్చు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో వంకాయలు, మిరపకాయలు విరివిగా వస్తాయి. గడ్డ మంచు పడితే టమాటా తీగలు చచ్చిపోతాయి కనుక, అంతకు ముందే రైతులు మిగిలిన పచ్చి కాయలను కోసేస్తారు. పచ్చి టమాటా పచ్చడి పెట్టుకునేవారు సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో రైతుతో ముందుగా చెప్పి ఉంచుకోవాలి. అక్టోబర్‌లో ఆపిల్, గుమ్మడి తప్ప పండ్ల వరస పలచబడుతుంది.

కొన్న తరువాత

పిల్లలు వెంట ఉంటే పక్కనే ఉన్న లింకన్ పార్కు జంతు ప్రదర్శనశాలను చూడవచ్చు, దానికి ప్రవేశ రుసుము లేదు. అలాంటప్పుడు ముందు జంతుశాల చూసి, సంత ముగియడానికి గంట ముందు కొనుక్కోవడం ఒక పద్ధతి. కాని మంచి స్ట్రాబెర్రీలు, పీచ్ పండ్లు అప్పటికి మిగలకపోవచ్చు.

కోసిన గంట నుంచే మొక్కజొన్న గింజలోని తీపి పిండిగా మారడం మొదలవుతుంది కాబట్టి కండెలను ఆ రోజే ఉడికించుకోవాలి, లేదా కాల్చుకోవాలి. టమాటాలను ఫ్రిజ్‌లో పెడితే రుచి, వాసన తగ్గుతాయి. గట్టిగా ఉన్న పీచ్ పండ్లను కూడా బయటే రెండు రోజులు మగ్గనివ్వాలి. బెర్రీలను మాత్రం కడగకుండా ఫ్రిజ్‌లో ఉంచి, తినబోయే ముందు కడుక్కోవాలి.