ఫోన్‌తో చుక్కల ఆకాశం: విజయవాడ, గుంటూరు వాళ్లు పాలపుంతను ఫొటో తీయడం ఎలా?

బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఏ మేడ ఎక్కి చూసినా చుక్కల్ని వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. అక్కడ ఎంత ఖరీదైన ఫోన్ పట్టుకున్నా పాలపుంత పడదు, తెల్లగా వెలిసిపోయిన ఆకాశమే పడుతుంది. ప్రో మోడ్ (కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే వీలు) ఉన్న మామూలు ఫోన్‌నే అమావాస్య దగ్గర్లో బాపట్ల దగ్గరి సూర్యలంక తీరానికి తీసుకెళ్లి, కదలకుండా నిలబెట్టి, 15 సెకన్లు వెలుగు తీసుకోనిస్తే పాలపుంత స్పష్టంగా వస్తుంది. కాబట్టి ముందు రోజు, చోటు, దిక్కు కుదుర్చుకోండి. సెట్టింగులు ఆ తర్వాత.

ఏ రాత్రి, ఏ వేళ

గోడ మీది తెలుగు క్యాలెండరు చాలు. శుద్ధ పాడ్యమి నుంచి అష్టమి దాకా చందమామ ఇంచుమించు అర్ధరాత్రికల్లా అస్తమిస్తాడు, తెల్లవారుజామంతా చీకటే. బహుళ అష్టమి దాటాక అర్ధరాత్రి తర్వాతే ఉదయిస్తాడు కాబట్టి రాత్రి మొదటి సగం చీకటి. మహాశివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. ఆ రాత్రి జాగారం చేసేవాళ్లకు దాదాపు తెల్లవారేదాకా వెన్నెల అడ్డు ఉండదు. కోటప్పకొండ వైపు మాత్రం ఆ రాత్రి వెళ్లకండి, ప్రభల విద్యుద్దీపాల వెలుగులో ఆకాశం దొరకదు. దీపావళి అమావాస్యే అయినా బాణసంచా పొగ పాడుచేస్తుంది. అన్నిటికన్నా మంచివి ఉగాదికి ముందూ వెనకా నాలుగేసి రాత్రులు.

పాలపుంత నడిబొడ్డు ధనుస్సు రాశిలో, వృశ్చికం తోక పక్కనే ఉంటుంది. ఇది మన దగ్గర ఆగ్నేయంలో లేచి, దక్షిణంలో 45 డిగ్రీల దాకా ఎక్కుతుంది. ఫిబ్రవరి మధ్యలో తెల్లవారుజామున 4:15 నుంచి 5:15 వరకు, మార్చి మధ్యలో 2:30 నుంచి 5 వరకు, ఏప్రిల్ మధ్యలో అర్ధరాత్రి దాటాక 12:30 నుంచి 4:30 వరకు తీయొచ్చు. మే మధ్యకు వచ్చేసరికి రాత్రి 11 గంటలకే అందుతుంది. చుక్కలు రోజుకు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి, అంటే నెలకు 2 గంటలు. ఈ లెక్క గుర్తుంటే ఏ తేదీకైనా వేళ మీరే కట్టుకోవచ్చు. జూన్ తర్వాత మబ్బులు. డిసెంబరు, జనవరిల్లో గొల్లకావడి (ఓరియన్ నడుములోని మూడు చుక్కలు), కృత్తికలు తీయాలంటే రాత్రి 8 నుంచి 11 లోపే ముగించండి. తెల్లవారుజాముకు కృష్ణా డెల్టా మీద పొగమంచు దిగుతుంది.

ఎక్కడ నిలబడాలి

మనకున్న అదృష్టం దక్షిణాన సముద్రం ఉండటం. నీళ్ల మీద వీధిదీపాలు ఉండవు, చూడాల్సిన ఆకాశమంతా అటే ఉంది. గుంటూరు నుంచి బాపట్ల సుమారు 50 కిలోమీటర్లు, అక్కడి నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు. విజయవాడ, గుంటూరు, తెనాలి వెలుగంతా వీపు వెనక్కి పోతుంది. ఏప్రిల్ మధ్యలో రాత్రి 11 ప్రాంతంలో సరిగ్గా దక్షిణాన, అలల మీద, చాచిన చేతి పిడికిళ్లు ఒకటిన్నర ఎత్తులో శిలువ ఆకారంలో త్రిశంకు అనే చుక్కల గుంపు కనిపిస్తుంది. ఢిల్లీ నుంచి దాన్ని పూర్తిగా చూడటం కుదరదు. అక్కడి దాకా వెళ్లినవాళ్లు దాన్ని తీయకుండా తిరిగి రావద్దు.

రాత్రి తీరంలో ఉండొచ్చేమో స్థానిక పోలీసులను ముందే అడగండి, ఒంటరిగా వెళ్లకండి. దగ్గర్లో వైమానిక దళ కేంద్రం ఉంది, అటు కెమెరా తిప్పొద్దు. దారిలో రొయ్యల చెరువుల గట్ల మీద దీపాలు రాత్రంతా వెలుగుతూ ఉంటాయి, అవి ఫ్రేములోకి రాని చోటు పగటిపూటే చూసిపెట్టుకోండి.

వెంట ఏం ఉండాలి

ట్రైపాడ్, దానికి ఫోన్ బిగించే క్లాంపు, పవర్ బ్యాంకు, మెత్తటి పొడి గుడ్డ. టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్ల వెలుగుతో ఆ అలవాటంతా పోతుంది. ట్రైపాడ్ లేకపోతే గుడ్డ సంచిలో కిలో బియ్యం పోసి మూతి కట్టి, దాని మీద ఫోన్‌ను ఆనించండి. బియ్యం ఫోన్ ఆకారానికి తగ్గట్టు సర్దుకుని గట్టిగా పట్టుకుంటాయి. ఇసుకలో ట్రైపాడ్ కాళ్లను 10 సెంటీమీటర్లు గుచ్చి, నడిమి కొక్కేనికి బ్యాగు వేలాడదీయండి. బ్యాగు నేలకు తగలాలి, గాలికి ఊగితే ఉన్న ప్రయోజనం కూడా పోతుంది.

తీసే పద్ధతి

1. కారులో ఏసీ ఆపి, ఫోన్‌ను 20 నిమిషాలు బయట ఉంచండి. ఇది మన కోస్తాలోనే ఎక్కువగా ఎదురయ్యే చిక్కు. చల్లబడిన అద్దానికి సముద్రపు తేమగాలి తగిలిందంటే లెన్సు మీద సన్నటి ఆవిరి పొర కడుతుంది. తెరలో అది కనిపించదు. ఇంటికొచ్చి చూస్తే ప్రతి చుక్క చుట్టూ దూదిపింజలాంటి వలయం ఉంటుంది. ఆ తర్వాత పొడి గుడ్డతో లెన్సు తుడవండి, వేలి జిడ్డు కూడా ఇదే పని చేస్తుంది.

2. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. ఫొటో మధ్యలో ఫోన్ వచ్చి వైబ్రేషన్ మోగితే ఆ ఫ్రేము పోయినట్టే. ఫ్లాష్ ఆపండి, తెర వెలుగు పూర్తిగా తగ్గించండి.

3. ప్రో మోడ్ తెరిచి మెయిన్ కెమెరానే ఎంచుకోండి. అల్ట్రావైడ్, టెలి లెన్సులకు సాధారణంగా సెన్సారు చిన్నది, వెలుగు తక్కువ పడుతుంది. జూమ్ ముట్టుకోవద్దు. రా ఫైలు (ఫోన్ సవరించకుండా దాచే ఫొటో) ఆన్ చేయండి. జేపెగ్ ఒక్కటే అయితే నాయిస్ (ఫొటోలో కనిపించే గరగర) తగ్గించే క్రమంలో సన్నటి చుక్కల్ని కూడా ఫోన్ చెరిపేస్తుంది.

4. ఫోకస్ మాన్యువల్‌లో కొండ గుర్తు వైపు జరపండి. చివరిదాకా లాగితే సరిపోతుందనుకోవడం తరచూ జరిగే పొరపాటు, చాలా ఫోన్లలో సరైన చోటు చివరికి కాస్త ఇవతల ఉంటుంది. దూరంగా ఉన్న సెల్ టవరు ఎర్రదీపాన్నో, మార్చి తెల్లవారుజాములైతే దక్షిణాన ఎర్రగా మెరిసే జ్యేష్ఠనో ఫ్రేములో పెట్టి, ఒక్కో గీత జరుపుతూ 2 సెకన్ల ఫొటోలు తీయండి. పెద్దది చేసి చూసి, చుక్క ఎక్కడ అతి చిన్నగా ఉందో అక్కడ ఆపండి.

5. షట్టర్ 15 సెకన్లు, ఐఎస్ఓ (వెలుగును ఫోన్ ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600, వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) 4000 కెల్విన్. టెస్టు ఫొటో బాగా చీకటిగా ఉంటే ఐఎస్ఓ 3200 చేయండి. సెకన్లు మాత్రం పెంచకండి. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో 15 సెకన్లకు చుక్క సుమారు మూడున్నర పిక్సెళ్లు జరుగుతుంది, అది కంటికి ఆనదు. 30 సెకన్లకు ఏడు పిక్సెళ్లు, అప్పుడు చుక్క గీతలా సాగుతుంది.

6. టైమర్ 3 సెకన్లు పెట్టి, బటన్ నొక్కి చెయ్యి తీసేయండి. అదే ఫ్రేమును 16 సార్లు తీయండి, తర్వాత వీటిని కలపాలి.

7. చివర్లో లెన్సును నల్ల గుడ్డతో మూసి, సెట్టింగులేవీ మార్చకుండా మరో 6 ఫొటోలు తీయండి. సెన్సారులో ఊరికే వెలిగే పిక్సెళ్లు వీటిలో బయటపడతాయి, తర్వాత తీసివేయడానికి పనికొస్తాయి.

ప్రో మోడ్ లేనివాళ్లు నిరాశపడక్కర్లేదు. ఐఫోన్‌లో నైట్ మోడ్ ట్రైపాడ్ మీద ఉంటే 30 సెకన్ల దాకా ఇస్తుంది. గూగుల్ పిక్సెల్‌లో 2019 నుంచే చుక్కల ఫొటోకు ప్రత్యేక మోడ్ ఉంది. అది 16 సెకన్ల చొప్పున 15 ఫ్రేముల దాకా తీసి తానే కలుపుతుంది.

ఫొటో చూసి తప్పు పట్టడం

టెస్టు ఫొటోను పెద్దది చేసి చుక్క ఆకారం చూడండి, కారణం అదే చెప్తుంది. గుండ్రటి బిళ్లలా ఉంటే ఫోకస్ తప్పింది. అన్నీ ఒకే వైపు సాగిన పొట్టి గీతలైతే సెకన్లు ఎక్కువయ్యాయి. వంకర టింకరగానో జంటగానో ఉంటే ఫోన్ కదిలింది, ట్రైపాడ్ కాళ్లు చూడండి. నడుమ బాగుండి మూలల్లో మాత్రం తోకలు వస్తే అది లెన్సు స్వభావం, అంచులు కత్తిరించేస్తే సరి.

ఊరు దాటలేని రోజుల్లో

మేడ మీది నుంచి గొల్లకావడి, వేగుచుక్క, చందమామ చక్కగా వస్తాయి. చుక్కలకు ఐఎస్ఓ 400, 4 సెకన్లు చాలు, అంతకు మించితే ఆకాశం తెల్లబారుతుంది. చందమామ మీద పడేది పట్టపగటి ఎండే, కాబట్టి ఐఎస్ఓ 100, షట్టర్ 1/250 పెట్టండి. ఆటోలో తీస్తే తెల్ల బొట్టే మిగులుతుంది. ఇక్కడ మాత్రం టెలి లెన్సు ఉంటే వాడండి. పున్నమి కన్నా శుద్ధ సప్తమి, అష్టమి నాడు గుంతల నీడలు బాగా తేలతాయి.

చుక్కలు గీసే వలయాలు కావాలంటే ఉత్తరం వైపు తిరగండి. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు కాబట్టి ధ్రువ నక్షత్రం కూడా దిగంతానికి దాదాపు 16.5 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉండవల్లి వైపు నుంచి తీస్తే దాని కింద నగరం వెలుగంతా అడ్డం వస్తుంది, ఊరు దాటి ఉత్తరానికి పోయి తీయాలి. 30 సెకన్ల ఫ్రేములు 120, మధ్యలో ఎడం లేకుండా తీస్తే గంటకు 15 డిగ్రీల వంపు వస్తుంది.

ఫ్రేములు కలపడం

ఒకే ఫ్రేములో ఆకాశం ఇసుక చల్లినట్టు గరగరలాడుతుంది. 16 ఫ్రేములు కలిపితే ఆ నాయిస్ నాలుగో వంతుకు దిగుతుంది. విండోస్ కంప్యూటరులో ఫొటోలు కలిపే సీక్వేటర్ ప్రోగ్రాము ఉచితం. ఆకాశం ఫ్రేముల్నీ, గుడ్డ కప్పి తీసిన వాటినీ వేరువేరుగా చూపించి, నేలను స్థిరంగా ఉంచే ఆప్షన్ పెట్టండి. లేకపోతే చుక్కలు కుదురుకుని, ఒడ్డున లాగిపెట్టిన పడవ మసకబారుతుంది. వచ్చిన ఫైలును ఫోన్‌లో స్నాప్‌సీడ్‌తో తెరిచి, ఆకాశం పసుపుగా ఉంటే వైట్ బ్యాలెన్స్ కొంచెం నీలం వైపు జరపండి, కాంట్రాస్టు కాస్త పెంచండి. స్ట్రక్చర్ 15 దాటితే చుక్కల చుట్టూ నల్ల అంచులు మొలుస్తాయి, అవి కనిపించగానే వెనక్కి తగ్గించండి.