బండి ఔటర్‌లో ఆగినప్పుడు ఊరి కథలు సేకరించడం ఎలా: విశాఖ–బొబ్బిలి దారిలో రోజూ తిరిగేవారికి

విశాఖపట్నం, విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం మధ్య ఉద్యోగానికో చదువుకో రోజూ ప్యాసింజరు బండిలో తిరిగేవారికి ఆలస్యం ఎందుకవుతుందో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో పరుగెత్తే ఎక్స్‌ప్రెస్‌లు, కిరండూల్ లైను మీదుగా కొండలు దిగి కొత్తవలస దగ్గర కలిసే ఇనుప ఖనిజం గూడ్సులు, రాయగడ వైపు నుంచి వచ్చి విజయనగరంలో చేరే బండ్లు అన్నీ ఒకే దారి కోసం పోటీపడతాయి కనుక, అందరికీ దారి ఇచ్చి ఆఖరున కదిలేది ప్యాసింజరే. విశాఖ నుంచి విజయనగరం సుమారు 60 కిలోమీటర్లే అయినా, అలమండ దగ్గరో కోరుకొండ దగ్గరో ఔటర్‌లో, అంటే స్టేషను బయటి సిగ్నలు దగ్గర, తాటిచెట్ల నడుమ బండి నిలిచిపోతే ఆ దూరానికి అంతుండదు. ఈ వ్యాసంలో ఆ ఆలస్యాన్ని తగ్గించే చిట్కా ఏదీ లేదు. ఆ ఆగిన వేళలో ఎదుటి సీటులోని పెద్దవారి దగ్గరున్న పాత కథలను ఎలా అడగాలి, ఎలా రాసుకోవాలి, ఏది ఎంతవరకు సరిచూసుకోవాలి అన్నదే ఇందులోని విషయం.

మొదట వేళ చూసుకోవాలి. ఉదయం బండి కథలకు పనికిరాదు. తొమ్మిది గంటలకు ఫోనుకు ముఖం చూపించి హాజరు వేయాల్సిన ఉపాధ్యాయులు, కాలేజీ బస్సు అందుకోవాల్సిన పిల్లలు, ఆసుపత్రిలో చీటీ తీసుకోవాల్సిన రోగులు ఉన్న పెట్టెలో బండి ఆగితే గడియారాలూ తిట్లూ తప్ప మరేవీ వినిపించవు. సాయంత్రం బండిలో ఆ తొందర ఉండదు, ఎంత ఆలస్యమైనా ఇంటికే కదా చేరేది. మధ్యాహ్నం బండి దొరికితే ఇంకా మేలు, ఎందుకంటే అందులో సంతకో చుట్టాల ఇంటికో వెళ్లివచ్చే ముసలివాళ్లు ఎక్కువగా ఉంటారు. బస్సు విషయానికి వస్తే, హనుమంతవాక, మధురవాడ, ఆనందపురం కూడళ్లలో ఎంతసేపు నిలిచిపోయినా అందులో కథ సాగడం కష్టం. ఇంజను మోత, నిలబడ్డవారి తోపులాట, ఏ క్షణాన కదులుతుందో తెలియని స్థితి కలిసి ఎవరినీ రెండు వాక్యాలు పూర్తి చేయనివ్వవు. అయితే 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చిన తరువాత, పూల గంపలతో ఆనందపురం వచ్చిపోయే అమ్మలు, మొక్కు తీర్చుకోవడానికి గుడికి బయలుదేరిన మామ్మలు ఆ బస్సుల్లో ఎక్కువగానే కనిపిస్తున్నారు కనుక, బస్సులో పరిచయం మాత్రం చేసుకుని, కథను దిగిన తరువాత స్టాండులో టీకొట్టు దగ్గర వినడం మంచిది.

ఎలా అడగాలన్నది అసలు పని. "మీకు జానపద కథలు తెలుసా" అని అడిగితే ఎవరైనా "మాకేటి తెలుసు బాబూ, సదువుకోలేదు కదా" అని ముఖం తిప్పుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు, ఎందుకంటే తమ దగ్గర ఉన్నదానికి ఆ పేరు ఉందని వారు అనుకోరు. "మామ్మా, మీ ఊరి అమ్మోరు ఎవరు? పండగ ఎప్పుడు చేస్తారు?" అని అడగండి. ఉత్తరాంధ్రలో ఈ ప్రశ్నకు జవాబు లేని మనిషి ఉండరు. పేరు చెప్పిన వెంటనే, అమ్మవారు ఆ ఊరికి ఎలా వచ్చిందో అడగండి. నూకాలమ్మ అయినా, పైడితల్లి అయినా, ఊరి పొలిమేరలోని పేరులేని రాయి అయినా, వచ్చిన తీరు వెనక ఒక కల, ఒక చెరువు, ఒక తప్పిదం, ఒక శాంతి తప్పకుండా ఉంటాయి. మగవారినైతే వరసపెట్టి తాతా అనో బావా అనో పిలిచి, చెరువు గట్టు గురించి, పాత కోట గోడ గురించి, ఆగిన చోట కిటికీలోంచి కనబడే కొండ గురించి అడగడం సులువు.

ప్రశ్న ఎంత చిన్న వస్తువు మీద ఉంటే కథ అంత బాగా వస్తుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుందనీ, పొడవైన మాను చివర పూజారి కూర్చుంటే దానిని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగిస్తారనీ పత్రికల్లో ఏటా వచ్చేదే, కనుక ఉత్సవం గురించి చెప్పమని అడిగితే ఆ పత్రిక మాటే తిరిగి వస్తుంది. దానికి బదులు "ఆ మాను ఏ చెట్టుదమ్మా, ఆ చెట్టే అని ఎలా తెలుస్తుంది" అని అడిగి చూడండి. ఎదుటి మామ్మ కొంగు బిగించుకుని, గొంతు తగ్గించి, "అమ్మోరు కలలోకొచ్చి సెప్పీసింది బాబూ, ఫలానా ఊర్లో సింతసెట్టు ఉందని. ఆ సెట్టు తప్ప ఇంకోటి పనికిరాదు" అని మొదలుపెడుతుంది. తరువాత ఆ చెట్టుకు పసుపు కుంకాలు పెట్టి పూజ చేసిన సంగతి, చెట్టు యజమాని దానిని భాగ్యంగా భావించిన సంగతి, గొడ్డలి మొదటి దెబ్బ సంగతి వరుసగా వస్తాయి. అలాగే ఊరేగింపులో సిరిమానుతో పాటు నడిచే పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వలలలో ఏదో ఒకటి తీసుకుని, అది ఎందుకు ఉందని అడగవచ్చు. వల గురించి అడిగితే పెద్దచెరువులోంచి అమ్మవారు బయటపడిన కథ దానంతట అదే కదలివస్తుంది. ఈ కథలకు సిరిమాను రోజు తగినది కాదు, ఆ రోజు బండ్లలో కాలు పెట్టే చోటు ఉండదు. ముందు రోజు సోమవారం జరిగే తొలేళ్ల ఉత్సవానికి వెళ్లేవారు ఎక్కే బండి దీనికి సరైనది.

ఇక కథ విన్న ప్రతిసారీ తప్పకుండా రాసుకోవలసిన వివరం ఒకటుంది. చెప్పినవారు ఏ స్టేషనులో ఎక్కారు, వారి సొంత ఊరేది అన్నది పుస్తకంలో కథ కంటే ముందు పడాలి. ఈ దారిలో ఇది ఎంత అవసరమో 1757 నాటి బొబ్బిలి యుద్ధం కథలోనే తెలుస్తుంది. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పూసపాటి పెదవిజయరామరాజు కలిసి ఆ ఏడాది జనవరి 24న బొబ్బిలి కోటను ముట్టడించారనీ, కోట పడిందనీ, ఆ తరువాత కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజును రాత్రివేళ గుడారంలోనే చంపాడనీ చరిత్రకారులు చెబుతారు. బొబ్బిలిలో ఎక్కిన తాత ఈ కథ చెబితే అది పాపారాయుడి కథ. రాజాం నుంచి ఆయన ఆలస్యంగా రావడం, కోటలో ఆడవారి మరణం, రాణి మల్లమ్మదేవి, ఆపైన పగ తీర్చుకోవడం దాని మెట్లు. అదే కథను విజయనగరంలో ఎక్కిన మామ్మ చెబితే అందులో పాపారాయుడికి రెండు వాక్యాలు కూడా దక్కకపోవచ్చు. అక్కడ కథ రాజుగారి చెల్లెలిది. యుద్ధం వద్దని అన్నగారిని వారించిన పైడిమాంబ, అన్నకు ఆపద ఉందని తెలిసి కబురు చెప్పబోయి, దారిలోనే ఆయన మరణవార్త విని ప్రాణాలు విడిచి, పెద్దచెరువులో దేవతగా వెలసిందని ఆమె చెబుతుంది. ఒకే వారంలో, ఒకే రక్తపాతం నుంచి పుట్టిన ఈ రెండు కథల్లో ఒకచోట వీరుడైనవాడు మరొకచోట అన్నను పొట్టనబెట్టుకున్నవాడు. గజపతినగరం, దొంకినవలస ప్రాంతాల వారిని అడిగినప్పుడు రెండూ కలగలిసిన రూపాలు కూడా దొరుకుతాయి, నా మటుకు నాకు అవే ఎక్కువ ఇష్టం. గొడవ ఎందుకు వచ్చిందని అడగడం మరచిపోవద్దు. నీళ్ల తగవని ఒకరు, పాత పౌరుషమని ఒకరు, మధ్యవారు చెప్పిన చాడీలని ఒకరు అంటారు. అది సినిమాలో చూసిందా, జంగం కథలోనో బుర్రకథలోనో విన్నదా, ఇంట్లో తాత చెప్పిందా అని మెల్లగా కనుక్కుని పక్కన రాయండి, ఎందుకంటే ఈ ఒక్క కథకు సినిమా సంభాషణలు చాలా లోతుగా అంటుకుపోయాయి.

రికార్డు చేయడానికి బండి ఆగి ఉన్న సమయమే సరైనది. కదిలే బండిలో చక్రాల చప్పుడు, కిటికీ గాలి, పైన పంకా కలిసి మనిషి గొంతును మింగేస్తాయి, ఇంటికి వచ్చి విన్నప్పుడు హోరు తప్ప ఏమీ మిగలదు. కనుక సిగ్నలు దగ్గర బండి ఆగిన వెంటనే, ఎదుటివారి అనుమతి తీసుకుని, ఫోనును వారి ఒడిలోని సంచీ మీదో మీ మోకాలి మీదో మైకు రంధ్రం వారివైపు ఉండేలా పెట్టండి. చేత్తో పట్టుకుని ముఖం ముందు పెడితే మనిషి బిగుసుకుపోతారు. పక్క పట్టా మీద ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయే సమయంలో వారు మాట ఆపుతారు. ఆ మధ్యలో మీరు కొత్త ప్రశ్న వేయకండి, ఆగినచోటి నుంచే వారు అందుకుంటారు. బండి కదిలాక రికార్డింగు ఆపేసి, చేతిపుస్తకంలో ఊళ్ల పేర్లు, చెట్ల పేర్లు, ఇంటిపేర్లు ఒకసారి వారినే అడిగి సరిగా రాసుకోండి. ఇంటికి వచ్చి ఎత్తిరాసేటప్పుడు "చెప్పింది" అని దిద్దకుండా "సెప్పీసింది" అనే రాయండి. శ్రీకాకుళం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని వారి పాటలనూ కథలనూ వారి మాటల్లోనే రాసుకున్నది ఈ ప్రాంతంలోనే. మన మామ్మల మాటను మనమే దిద్దడం మరీ అన్యాయం.

కథను సరిచూడడమంటే దానిని అబద్ధమని తేల్చడం అనుకోకూడదు. కథ పక్కన మరొక కాగితం పెట్టుకోవడం చాలు. సింహాచలం మీదికి దండెత్తివచ్చిన తురక సేనను తుమ్మెదలు తరిమికొట్టాయనీ, అవి ఆగిన చోటే తుమ్మెదల మెట్ట అనీ పెద్దవారు చెబుతారు. ఆ దండు వచ్చినప్పుడు స్వామి కొండను కాపాడడం లేదని గోగులపాటి కూర్మనాథకవి నిందాస్తుతిగా చెప్పిన శతకం ఉంది కనుక, విన్న కథ కింద ఆ పద్యాల ప్రస్తావన రాసుకోవచ్చు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారిని 1917లో రోడ్డు కోసం పక్కకు జరిపితే ఊళ్లో ప్లేగు వచ్చిందనీ, మళ్లీ పాతచోటే నిలిపాక తగ్గిందనీ చెప్పే కథకు, ఆనాటి మునిసిపాలిటీ కాగితాలూ వ్యాధుల లెక్కలూ వెతికితే మరొక అంచు దొరుకుతుంది. పద్మనాభం విషయంలో కాగితాలే ఎక్కువ. 1794లో విజయనగరం రాజు చినవిజయరామరాజు అక్కడ ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి మరణించాడన్నది దస్తావేజుల్లో ఉన్నదే, కాని ఆ కొండ చుట్టుపక్కల ఊళ్లలో ఆ రోజు గురించి ఏం చెప్పుకుంటారో కాగితాల్లో లేదు. అది మీరే వినాలి.

కొన్ని అడగకూడదు. కంటకాపల్లి, అలమండల మధ్య 2023 అక్టోబరు 29 రాత్రి రాయగడ ప్యాసింజరు, ముందున్న పలాస ప్యాసింజరును వెనక నుంచి ఢీకొన్న చోట బండి నెమ్మదించినప్పుడు, పెట్టెలో ఎవరో ఒకరు దెయ్యాల మాట ఎత్తుతారు. ఆ బండ్లలో పోయినవారి ఇంటివారు, ప్రాణాలతో బయటపడినవారు ఇదే దారిలో ఇదే సీట్లలో ఇప్పటికీ ప్రయాణిస్తున్నారు కనుక ఆ మాటను సేకరించవద్దు, మరొకరికి చెప్పవద్దు. పూనకం వచ్చినవారిని ఫోనులో తీయవద్దు. ఒక కులాన్ని కించపరిచే కథ వినిపిస్తే, అది చెప్పినవారి మీద వాదనకు దిగకుండా, కావాలంటే మీకోసం రాసి ఉంచుకోండి, కాని బయట పెట్టవద్దు. చెప్పినవారి పేరు, ఇంటిపేరు, ఫోను నంబరు కథతో పాటు ఎక్కడా పెట్టకండి, "బొబ్బిలిలో ఎక్కిన డెబ్భై ఏళ్ల రైతు" అన్న గుర్తు చాలు.

ఒకే బండిలో తిరుగుతారు కనుక అదే మామ్మ మళ్లీ ఎదురుపడుతుంది. అప్పుడు ఆమె కథను ఆమెకే వినిపించండి. తన గొంతు తానే విని నవ్వి, "అక్కడ తప్పు సెప్పీసినాను" అని ఒక పేరో ఒక ఊరో మారుస్తుంది. ఆ మార్పును పాత ప్రతిలో కలిపేయకుండా, తేదీ వేసి, వేరే పేజీలో రాయండి. బొబ్బిలి కథ, విజయనగరం కథ కూడా అలాగే వేరువేరు ఫైళ్లలో, ఎక్కిన స్టేషను పేరుతోనే ఉండాలి.