హైస్కూలు పిల్లలకు పుస్తకాల మీద ఇష్టం కలిగించడం ఎలా?

కడప జిల్లా ఊళ్లలో పుస్తకాలు లేక చదవని పిల్లలకన్నా, ఉన్న పుస్తకాలు చేతికందక చదవని పిల్లలే ఎక్కువని నా నమ్మకం. బడి బీరువాలో మంచి కథల పుస్తకాలు ఉంటాయి, దానికి తాళమూ ఉంటుంది. ఒక్క పుస్తకం పోయినా స్టాక్ రిజిస్టర్ చూసే సారే జవాబు చెప్పుకోవాలి కాబట్టి ఆ భయాన్ని తప్పు పట్టలేం. పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

1. రిజిస్టర్‌కు ఎక్కని పుస్తకాలు పోగు చేయండి

పాత విద్యార్థులను, ఊర్లో ఉద్యోగస్థులను అడిగితే ఇళ్లలో మూలనపడి ఉన్న పుస్తకాలు, వారపత్రికలు వస్తాయి. దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో వచ్చే కథలు కత్తిరించి అట్టకు అంటించినా ఒక పుస్తకమే. వీటిని తరగతి గదిలోనే, అట్ట బొమ్మ కనబడేలా తాడు మీద వేలాడదీయండి. ఒక నోటుబుక్కు ఇచ్చి ఇద్దరు పిల్లలకు బాధ్యత అప్పజెప్పండి. ఆ ఇద్దరిలో ఒకరు చదువులో వెనకబడిన పిల్లో పిల్లోడో అయితే మరీ మంచిది. పుస్తకాలు తిరిగి రావడం నాలుగు వారాలు చూశాక హెచ్చెమ్ గారిని బీరువా తాళం అడగండి.

2. రోజూ పది నిమిషాలు చదివి వినిపించండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఎనిమిదో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లలు ఉంటారు. పేరా చదవడానికే ఆయాసపడే పిల్లకు కథలో ఏం జరిగిందో పట్టుకునే ఓపిక మిగలదు. మీరు చదివితే ఆ బరువు తప్పుతుంది, కథ ఒక్కటే మిగులుతుంది.

మొదట మన సీమ కథలు ఎంచుకోండి. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న కథకుడు కేతు విశ్వనాథరెడ్డి ఈ జిల్లా మనిషే. అనంతపురం వైపు సింగమనేని నారాయణ కథలు ఉన్నాయి. వానల్లేని సేద్యం, అప్పులు, ఊరి తగాదాలు కథల్లో వినబడితే పిల్లలు తల ఎత్తి చూస్తారు. తమ ఇంట్లో అవ్వ మాట్లాడే మాట అచ్చులో ఉంటుందని చాలామందికి అప్పుడే తెలుస్తుంది. మాండలికం చదివేటప్పుడు సిగ్గుపడకండి, ఊరి యాసలోనే చదవండి.

కథ మంచి పట్టులో ఉన్నప్పుడు గంట కొడితే ఆపేయండి. మిగతాది ఏమైందని ఎవరైనా వెంటపడితే పుస్తకం వాళ్ల చేతిలో పెట్టండి.

3. ప్రశ్నలు అడగొద్దు

సారాంశం రాయమనడం, నీతి చెప్పమనడం, మార్కులు వేయడం ఏవీ వద్దు. అవి పాఠ్యపుస్తకానికి ఉన్నాయి, చాలు. నచ్చకపోతే పది పేజీల దగ్గరే వదిలేసి ఇంకోటి తీసుకోనివ్వండి. క్రికెట్, రాకెట్లు, దయ్యాల కథలు, ఏదైనా సరే. బొమ్మల పుస్తకం పట్టుకున్న తొమ్మిదో తరగతి పిల్లోడిని నలుగురిలో ఎగతాళి చేస్తే మళ్లీ పుస్తకం ముట్టడు. తడబడే వాళ్ల కోసం ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉన్నాయి. ఉచితంగా దింపుకుని అచ్చు తీసుకోవచ్చు.

4. గ్రంథాలయం గడప తొక్కించండి

దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి తీసుకుపోయి పిల్లల పేర్లతో సభ్యత్వం ఇప్పించండి. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, అదను అదే. వీలైతే కడపలో బ్రౌన్ గ్రంథాలయమూ చూపించండి. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం మీద కడపకు వచ్చిన ఇంగ్లీషు దొర సి.పి.బ్రౌన్, మద్రాసులో మొదలుపెట్టిన తెలుగును ఇక్కడ ఒంటబట్టించుకుని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలు వెతికించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చేయించాడు. బళ్లో బట్టీపట్టిన పద్యం వెనక ఇంత పని ఉందని అక్కడ నిలబడి చెబితే పిల్లలు వింటారు.

5. ఇంట్లో వాళ్లను కలుపుకోండి

చదువు రాని తల్లిదండ్రులు కూడా ఇందులో సాయం చేయగలరు. పొలం నుంచి వచ్చిన నాయనకు రాత్రి ఒక వార్తో, కథో చదివి వినిపించమని పిల్లలకు చెప్పండి. పెద్దలకు చెప్పాల్సింది ఒక్కటే: ఆ పది నిమిషాలు టీవీ కట్టేసి వినండి.

6. ఎండాకాలాన్ని వదులుకోవద్దు

చాలా బడుల్లో చివరి పనిదినానికి ముందే పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుని లెక్క సరిచూసుకుంటారు. సరిగ్గా పిల్లలకు తీరిక దొరికే వేళకు చేతిలో పుస్తకం ఉండదు. ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నం కడప ఎండలో బయట తిరగలేరు, ఇంట్లో ఫోన్ ఒక్కటే దిక్కవుతుంది. అందుకని మార్చి నుంచే పుస్తకాలు ఇళ్లకు పంపండి. ఏప్రిల్‌లో బడి మూసేటప్పుడు ఒక్కొక్కరికి మూడేసి ఇచ్చి, ఊర్లో ఒకరితో ఒకరు మార్చుకోమనండి. ఎవరి దగ్గర ఏముందో నోటుబుక్కు చూసుకునే ఇద్దరికీ తెలిస్తే చాలు. జూన్‌లో బడి తెరిచిన రోజు ఎన్ని చదివారని అడగకుండా, మిగతావాళ్లకు ఏది ఇమ్మంటారో అడగండి.