బీపీకి నీళ్ల మాత్ర: కళ్లు తిరగడం, పిక్కలు పట్టేయడం ఎలా తగ్గాయంటే

అమ్మకు బీపీకి టెల్మిసార్టన్‌తో పాటు క్లోర్‌థాలిడోన్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసే 'నీళ్ల మాత్ర' మందు) 12.5 మి.గ్రా. కలిపిన మాత్ర రాశారు. బీపీ దారికొచ్చింది గానీ, రాత్రి పదే పదే బాత్‌రూమ్‌కి లేవడం, పిక్కలు పట్టేయడం, మంచం మీంచి లేస్తే కళ్లు తిరగడం మొదలయ్యాయి. చీకట్లో ఎక్కడ పడిపోతుందోనని నాకు టెన్షన్.

మాత్ర మానేస్తానంది అమ్మ. సొంతంగా మానేస్తే బీపీ మళ్లీ పెరుగుతుందని ఒప్పించి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. మాత్రను రాత్రి నుంచి పొద్దున టిఫిన్ తర్వాతకు మార్చారు. రక్తంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది) పరీక్షలూ రాశారు. క్లోర్‌థాలిడోన్ ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపేటప్పుడు పొటాషియం కూడా పోతుంది. మామూలుగా 3.5 నుంచి 5 ఉండాలి, అమ్మకు 3.2 వచ్చింది. అందుకే క్లోర్‌థాలిడోన్ మోతాదు 6.25 మి.గ్రా.కి తగ్గించారు. కళ్లు తిరగడం తగ్గింది, పిక్కల నొప్పి పోయింది, బీపీ అదుపులోనే ఉంది.

పొటాషియం తగ్గిందనగానే పక్కింటివాళ్లు రోజూ కొబ్బరి నీళ్లు పట్టమన్నారు. టెల్మిసార్టన్ పొటాషియాన్ని పెంచే మందు, కాబట్టి అడగకుండా వద్దన్నారు డాక్టరుగారు. బజార్లో దొరికే 'లో సోడియం' ఉప్పూ అంతే, చాలావాటిలో పొటాషియం ఉంటుంది.

మోకాళ్ల నొప్పికి అమ్మ వేసుకునే డైక్లోఫెనాక్ కూడా ఆపించారు. ఈ రెండు బీపీ మందులతో అది కలిస్తే కిడ్నీలకు ప్రమాదమట. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చేస్తారు, అదే భయం! ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్ర వేసే ముందే ఫోన్ చేయమన్నారు.