మానవ ఎంజైమ్ జన్యువు ఏ క్రోమోజోమ్‌పై ఉందో సంకర కణాలతో తేల్చే పద్ధతి

నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలోనో ఎమ్మెస్సీలో జన్యుశాస్త్రం చదివే విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. జన్యువు చిరునామా నేడు కంప్యూటర్ తెరపై క్షణంలో దొరుకుతుంది. అయితే ఆ చిరునామాలలో చాలావాటిని మొదట తేల్చింది మనిషి కణాన్ని ఎలుక కణంతో కలిపి చేసిన ఈ ప్రయోగాలే.

మనిషి, ఎలుక కణాలు కలిసిన సంకర కణం విభజన చెందుతున్నకొద్దీ మానవ క్రోమోజోములను పోగొట్టుకుంటుందని, ఎలుకవి మాత్రం దాదాపుగా నిలుస్తాయని శాస్త్రవేత్తలు మేరీ వైస్, హోవార్డ్ గ్రీన్ 1967లో చూపారు. ఏ క్లోన్‌లో, అంటే ఒకే సంకర కణం నుంచి పెరిగిన ఏ గుంపులో, ఏ మానవ క్రోమోజోములు మిగులుతాయో ముందుగా చెప్పలేము. ఈ అనిశ్చితే మనకు పనికొచ్చే గుణం.

ఎలుక పక్షాన హెచ్‌పీఆర్‌టీ అనే ఎంజైమ్ లోపించిన ఏ9 వంటి కణాలను, మనిషి పక్షాన రక్తం నుంచి వేరుచేసిన లింఫోసైట్లను (ఒక రకం తెల్ల రక్తకణాలను) తీసుకోవాలి. వీటిని కలపడానికి తొలినాళ్లలో నిర్వీర్యం చేసిన సెండాయ్ వైరస్‌ను వాడేవారు. 1975లో జన్యుశాస్త్రవేత్త పాంటెకార్వో చూపిన పాలీఇథిలీన్ గ్లైకాల్ పద్ధతి అంతకంటే సులువు. ఆపై కణాలను హైపోజాంథిన్, అమినోప్టెరిన్, థైమిడిన్ ఉన్న హ్యాట్ మాధ్యమంలో 37 డిగ్రీల వద్ద పెంచాలి. అమినోప్టెరిన్ కేంద్రకామ్లాల ముడిసరుకు తయారయ్యే ప్రధాన మార్గాన్ని మూసివేస్తుంది కనుక, హెచ్‌పీఆర్‌టీ లేని ఎలుక కణాలు హైపోజాంథిన్‌ను వాడుకోలేక చనిపోతాయి. లింఫోసైట్లు పాత్ర అడుగున అంటుకోవు కనుక మాధ్యమం మార్చినప్పుడల్లా కొట్టుకుపోతాయి. లింఫోసైట్లకు బదులు పాత్రకు అంటుకుని పెరిగే ఫైబ్రోబ్లాస్టు కణాలను వాడితే ఔబైన్ అనే విషపదార్థం కూడా చేర్చాలి. ఎలుక కణాలు తట్టుకునే మోతాదులోనే అది మానవ కణాలను చంపుతుంది. కొన్ని వారాలకు కనిపించే గుంపులను ఒక్కొక్కటిగా వేరుచేసి క్లోన్లుగా పెంచాలి.

ఇక్కడ ఒక నియమం తప్పనిసరి. ఎంజైమ్ పరీక్షకు, క్రోమోజోముల పరీక్షకు ఒకే క్లోన్‌ను, ఒకే రోజున, ఒకే పాత్రలోని కణాల నుంచి రెండు భాగాలు చేసి వాడాలి. క్రోమోజోముల నష్టం ఆగేది కాదు కనుక, ఈ నెల జెల్‌ను (ఎంజైమ్ పరీక్షను) వచ్చే నెల స్లైడుతో (క్రోమోజోముల పరీక్షతో) పోల్చడం రెండు వేర్వేరు క్లోన్లను పోల్చినట్లే అవుతుంది. కణాలను హైదరాబాద్‌లోని ప్రయోగశాలలో పెంచి, షాద్‌నగర్, జడ్చర్ల మీదుగానో, చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగానో జెల్ కోసం తెచ్చుకునేవారు, స్లైడుకు వెళ్లే భాగాన్ని అక్కడే తీసి, మిగతా కణాలను గడ్డకట్టించి పొడి మంచులో తేవడం క్షేమం.

ఎంజైమ్ ఎంపికలో రెండు షరతులున్నాయి: అది దాదాపు అన్ని రకాల కణాలలో తయారయ్యేదై ఉండాలి; మానవ, ఎలుక రూపాలు విద్యుత్ క్షేత్రంలో వేర్వేరు వేగాలతో కదలాలి. కాలేయంలోనే తయారయ్యే ఎంజైమ్ వంటిదైతే జన్యువు ఉన్నా సంకర కణంలో అణగిపోవచ్చు. కణద్రావణాన్ని స్టార్చ్ జెల్‌పై నడిపి, ఆ ఎంజైమ్‌కు తగిన రంగు చర్యతో పట్టీలను చూడాలి. లాక్టేట్ డీహైడ్రోజినేస్‌కు లాక్టేట్, ఎన్ఏడీ, టెట్రాజోలియం లవణం వాడితే నీలి పట్టీ వస్తుంది. సూపరాక్సైడ్ డిస్మ్యూటేస్ అయితే అందుకు విరుద్ధంగా నీలి నేపథ్యంలో తెల్లని పట్టీగా కనిపిస్తుంది. నల్లగొండ వేసవిలో జెల్‌ను బల్లమీద నడపడం వృథా. విద్యుత్తుతో పుట్టే వేడికి గది వేడి తోడై ఎంజైమ్ చెడిపోతుంది కనుక ఫ్రిజ్‌లోనే నడపాలి.

రెండు ఉపభాగాలున్న ఎంజైమ్ మనకు అదనపు సాక్ష్యమిస్తుంది. మానవ, ఎలుక పట్టీల నడుమ మూడో పట్టీ కనిపిస్తే, రెండు ఉపభాగాలూ ఒకే కణంలో తయారై జతకట్టాయని అర్థం. రెండు జాతుల కణద్రావణాలను గొట్టంలో కలిపినంత మాత్రాన సాధారణంగా ఈ పట్టీ రాదు కనుక, ఆ మిశ్రమాన్ని కూడా పక్క గాడిలో తప్పక నడపాలి.

క్రోమోజోములను గుర్తించడానికి జి-పట్టీల రంజనం, అంటే ఒక్కో క్రోమోజోమ్‌పై దానికే ప్రత్యేకమైన అడ్డచారలు తేల్చే రంగు పద్ధతి, అవసరం. ఏ9 కణాలలో ఆకారం మారిన ఎలుక క్రోమోజోములు చాలా ఉంటాయి కాబట్టి ఆకారాన్ని మాత్రమే నమ్మకూడదు. దాదాపు పీహెచ్ 11 వద్ద చేసే గీమ్సా రంజనంలో ఎలుకవి ముదురు ఎరుపు ఊదాగా, మానవులవి లేత నీలంగా కనిపిస్తాయి. ఒక్కో క్లోన్‌లో కనీసం 20 కణాలను చూసి, ప్రతి మానవ క్రోమోజోమ్ ఎన్నింటిలో ఉందో రాసుకోవాలి.

ఇక రెండు పరీక్షల ఫలితాలను పక్కపక్కన పెట్టే పట్టిక. మానవ సూపరాక్సైడ్ డిస్మ్యూటేస్-1 ఐదు క్లోన్లలో మొదటి, మూడవ, నాల్గవ వాటిలో ఉందని, మిగిలిన రెండింటిలో లేదని అనుకుందాం. 7వ క్రోమోజోమ్ మొదటి మూడింటిలో ఉంటే, రెండవ, నాల్గవ క్లోన్లు దాన్ని తోసిపుచ్చుతాయి. 21వ క్రోమోజోమ్ ఐదింటిలోనూ ఎంజైమ్‌తో కలిసి నడిస్తే జన్యువు దానిమీదే ఉందనాలి. 1973లో ఈ ఎంజైమ్ విషయంలో తేలినదీ అదే. విద్యార్థులు సాధారణంగా పొసగిన క్లోన్లను లెక్కిస్తారు గానీ, తీర్పు చెప్పేవి పొసగనివే. ప్రతి క్లోన్ ఉంది లేదా లేదు అనే రెండే జవాబులిస్తుంది. సరిగా ఎంచిన ఐదు క్లోన్లు 32 రకాల జవాబుల వరుసలను ఇవ్వగలవు కనుక 24 రకాల మానవ క్రోమోజోములను విడదీయడానికి సిద్ధాంతరీత్యా చాలు. ఆచరణలో మరిన్ని ఉండాలి, ఎందుకంటే ప్రతి మినహాయింపుకూ ఒక సాకు ఉంటుంది. ఎంజైమ్ ఉండి క్రోమోజోమ్ కనిపించకపోతే, విరిగిన ముక్క ఏదో ఎలుక క్రోమోజోమ్‌కు అతుక్కుని ఉండవచ్చు. క్రోమోజోమ్ ఉండి ఎంజైమ్ లేకపోతే, అది చాలా తక్కువ కణాలలోనే మిగిలి ఉండవచ్చు, లేదా జన్యువున్న భాగం ఊడిపోయి ఉండవచ్చు. ఇలాంటి క్లోన్‌ను పక్కన పెట్టేముందు దాని ఉపక్లోన్లను (అందులోని ఒక్కో కణం నుంచి మళ్లీ పెంచిన క్లోన్లను) పరీక్షించడం మేలు.

హ్యాట్‌లో బతికిన ప్రతి క్లోన్‌లోనూ ఎక్స్ క్రోమోజోమ్, లేదా కనీసం హెచ్‌పీఆర్‌టీ ఉన్న దాని ముక్క ఉంటుంది. కాబట్టి ఎక్స్ మీది జన్యువులకు ఈ పట్టిక చాలదు. ఆ క్లోన్లను సాధారణ మాధ్యమంలోకి మార్చి, తర్వాత 8-అజాగ్వానిన్‌లో పెంచితే హెచ్‌పీఆర్‌టీ ఉన్నవి చచ్చి, దాన్ని పోగొట్టుకున్నవి మిగులుతాయి. ఆ మిగిలినవాటిలో హెచ్‌పీఆర్‌టీతోపాటే జీ6పీడీ (గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేస్), ఫాస్ఫోగ్లిసరేట్ కైనేస్ అనే ఎంజైములు కూడా మాయమైతే, ఆ మూడూ ఎక్స్‌పై ఉన్నాయన్న నిర్ణయం బలపడుతుంది. క్రోమోజోమ్‌పై ఏ భాగమో తెలియాలంటే, ఎక్స్‌కూ 14వ క్రోమోజోమ్‌కూ ముక్కలు మారిన వ్యక్తి కణాల వంటివాటితో సంకరం చేయాలి. అలాంటి కణాలలో ఎక్స్ ముక్క 14కు అతికి ఉంటుంది; న్యూక్లియోసైడ్ ఫాస్ఫోరిలేస్ అనే ఎంజైమ్ ఆ మూడు ఎక్స్ ఎంజైములతో కలిసి నడవడం వల్లే దాని జన్యువు 14పై ఉందని తేలింది.